ఛాయాచిత్రంలో దాగిన పట్టిక

డిజిటల్ కెమెరాతోగాని, మొబైల్ ఫోనుతోగాని తీసిన ఛాయాచిత్రపు ఫైలులో బొమ్మతోపాటు కంటికి కనిపించని చిన్న పట్టిక ఒకటి సాధారణంగా ఉంటుంది. దానిని ఎగ్జిఫ్ అంటారు. ఈ ప్రమాణం 1995లో జపానులో రూపుదిద్దుకొన్నది. షట్టరు ఎంతసేపు తెరచి ఉన్నది, కటకపు రంధ్రం ఎంత, ఐఎస్ఓ ఎంత అనే వివరాలను కెమెరాయే అందులో వ్రాసుకొంటుంది. షట్టరు కాలాన్ని దశాంశంగా కాక, బడిలో నేర్చిన భిన్నం వలె, 1 లవముగా, 125 హారముగా, రెండు సంఖ్యలుగా భద్రపరుస్తుంది.

తీసిన తేదీ, వేళ కూడా ఉంటాయి. అయితే అవి కెమెరా గడియారం చెప్పినవే. గడియారం తప్పితే సాక్ష్యమూ తప్పుతుంది. మూత పగిలిన మురుగుకాలువ చిత్రాన్ని ఫిర్యాదుకు జతపరచేవారు ముందుగా దానిని సరిచూసుకోవాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఈ పట్టిక తొలగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తుంది. దీనిని మార్చడమూ సాధ్యమే గనుక, ఇది ఒక్కటే రుజువు కాజాలదు.

ఫోనులో స్థాననమోదు తెరచి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా చేరతాయి. కాలువ చిత్రానికి అది మేలే. ఇంట్లో తీసిన పసిబిడ్డ చిత్రానికి మాత్రం అదే ఇంటి చిరునామా. అపరిచితులకు పంపేముందు తీసివేయవలసినది.