మైక్రోవేవా? నూనె తొట్టా?

మొన్న సంక్రాంతికి విడవలూరు పోయినప్పుడు మా అమ్మకు మైక్రోవేవ్ ఓవెన్ గొప్ప చూపించాలనిపించింది. రాత్రి మిగిలిన చేపల పులుసు సగం మట్టిదాకలో పొయ్యిమీద పెట్టాను, సగం గాజుగిన్నెలో ఓవెన్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో గాజుగిన్నె పొగలు కక్కింది. అమ్మ ఒక్క మాట అంది: "పొయ్యినేమో సన్నసెగన పెట్టి, దాన్నేమో భగ్గున కాచి, ఇదే తొందరంటే ఎట్ట అబ్బయ్యా?"

సరిగ్గా ఇదే ప్రశ్న వెనక ఎం.ఎస్సీ. వైవాలో నన్నడిగారు. అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు మీకు చెబుతాను.

నా ప్రాజెక్టు సుజుకీ చర్య. ఒక ఆరైల్ బ్రోమైడును ఫినైల్ బోరోనిక్ ఆమ్లంతో, పల్లాడియం ఉత్ప్రేరకం సమక్షంలో జతచేయడం. ఈ కోవ చర్యలకే 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇథనాల్‌లో కలిపి నూనె తొట్టిలో రిఫ్లక్స్ చేస్తే ఎనిమిది గంటలు పట్టింది. మూత బిగించిన గొట్టంలో పోసి మైక్రోవేవ్ రియాక్టర్‌లో పెడితే మూడే నిమిషాలు! "సూక్ష్మతరంగాల ప్రత్యేక ప్రభావం" అని రికార్డులో ఎర్రసిరాతో రాసి పెట్టుకున్నాను.

కానీ తెరిచిన కుప్పెలో ఇథనాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంతకు మించి వేడెక్కదు. మూత బిగించిన గొట్టంలో పీడనం పెరుగుతుంది గనుక 160 డిగ్రీల దాకా పోయింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం ఇంచుమించు రెట్టింపవుతుందని మనం ఇంటర్‌లోనే చదివాం. 80 నుంచి 160కి ఎనిమిది మెట్లు, అంటే 256 రెట్లు. 480 నిమిషాలను 256తో భాగించి చూడండి, రెండు నిమిషాలు కూడా రాదు. ఇక మహిమకు చోటెక్కడ? పద్ధతుల్ని పోల్చాననుకుని ఉష్ణోగ్రతల్ని పోల్చాను.

అసలు ఆ తరంగాలు చేసే పనేమిటి? ఓవెన్ పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్. ఒక మోల్ ఫోటాన్ల శక్తి సుమారు 1 జౌల్. కార్బన్-కార్బన్ బంధం తెంచడానికి దాదాపు 350 కిలోజౌళ్లు కావాలి. కాబట్టి బంధాల జోలికి అది పోలేదు. ధ్రువ అణువుల్నీ అయాన్లనీ కదిలించి వేడి పుట్టిస్తుంది, అంతే. అందుకే ఇథనాల్ చురుగ్గా కాగుతుంది, హెక్సేన్ చలనం లేకుండా కూచుంటుంది. నూనె తొట్టిలోనైతే ముందు గాజుగోడ కాగి, తర్వాత లోపలి ద్రవం కాగుతుంది.

1986లో కెనడాలో గెడై బృందం, అమెరికాలో జిగేర్, మాజెటిచ్ బృందం విడివిడిగా వంటింటి ఓవెన్లతోనే కర్బన చర్యలు జరిపి ప్రకటించారు. (మీరు మాత్రం ఆ పని చేయకండి. మూత బిగించిన ద్రావణి పేలుతుంది.) మన హైదరాబాదు ఐ.ఐ.సి.టి.లో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, వారి సహచరులు 2002లో ప్రకటించిన పని చూడండి. పొరల హైడ్రాక్సైడు మీద పల్లాడియం నానో రేణువుల్ని నిలిపి, అయానిక ద్రవంలో క్లోరో ఆరీన్లతో హెక్ చర్య జరిపారు. క్లోరో ఆరీన్లు చవక, కానీ వాటి బంధం మొండిది. మైక్రోవేవ్‌లో వేగం ఎన్నో రెట్లు పెరిగింది. అయానిక ద్రవమంటే నిండా అయాన్లే గదా, సూక్ష్మతరంగాల్ని గటగటా తాగేస్తుంది.

ఇంకో కథ నాకు మరీ ఇష్టం. 2003లో లెడ్‌బీటర్ బృందం, లోహమే లేకుండా మైక్రోవేవ్‌లో సుజుకీ చర్య జరిగిందని ప్రకటించింది. 2005లో వాళ్లే తిరిగి వెతికితే, వాడిన సోడియం కార్బొనేట్‌లో వంద కోట్ల భాగాలకు 50 భాగాల పల్లాడియం కల్తీగా దొరికింది. పని చేసింది అదే! తమ తప్పును తామే అచ్చువేయించారు. ఆ రెండో వ్యాసమే నాకు గొప్పది.

తగువు తేల్చే ఉపాయం ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో కాపె బృందం 2009లో చూపింది. సిలికాన్ కార్బైడ్ గొట్టం తరంగాల్ని తానే మింగి, లోపలికి ఉత్త వేడినే పంపుతుంది. దాంట్లోనూ మామూలు గాజు గొట్టంలోనూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర చేసిన చర్యల ఫలితాలు ఇంచుమించు ఒకటిగానే వచ్చాయి.

అలాగని తలుపు పూర్తిగా మూయకూడదు. బొగ్గు మీద నిలిపిన పల్లాడియం లాంటి ఘన ఉత్ప్రేరకం, టోలీన్ లాంటి బద్ధక ద్రావణిలో ఉంటే, చుట్టూ ఉన్న ద్రవం కన్నా రేణువే ఎక్కువ కాగుతుంది, ఒక్కోసారి నిప్పురవ్వలు కూడా లేస్తాయి. అక్కడ థర్మామీటరు ద్రవం వేడినే చెబుతుంది, రేణువు వేడిని చెప్పదు. గొట్టాన్ని బయటినుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌ను నమ్ముకుంటే మరీ కష్టం. ఫైబర్ ఆప్టిక్ ఉష్ణమాపకం లోపలికి దించాలి.

వైవా అయ్యాక నేను అదే మిశ్రమాన్ని మూత బిగించిన గొట్టంలో పోసి, అడ్డుతెర వెనక, 160 డిగ్రీల నూనెలో ముంచాను. లోపల కాగడానికి కొంతసేపు పట్టింది. కాగాక నాలుగు నిమిషాల్లో చర్య ముగిసింది. రికార్డు తెరిచి ఎర్రసిరా మాట కొట్టేసి, పక్కన రెండు ఉష్ణోగ్రతలూ రాశాను.