పెద్ద ఫైలు నడిదారిలో నిలిచిపోవుట

గత సంవత్సరం ఉపకారవేతనాల దరఖాస్తుల గడువుకు రెండు దినాలు ముందు మన కార్యాలయంలో ఒక విచిత్రమైన చిక్కు ఏర్పడినది. విద్యార్థుల పేర్ల జాబితా వంటి చిన్న ఫైలు దూరాన ఉన్న సర్వరుకు క్షణంలో చేరుతున్నది. ధ్రువపత్రాల స్కాను ప్రతులను పంపబోతే మాత్రం తెరపై కొద్ది శాతం కనబడి, అంతటితో స్తంభించిపోతున్నది. దోషమేమో చెప్పదు, ముందుకు సాగదు. కొత్త కంప్యూటరు కొనవలెనని కమిటీ వారికి నివేదిక కూడా సిద్ధమైనది. తెలుగు పాఠం చెప్పుకొనే వానికి ఈ జోక్యమెందుకని మిత్రులు నవ్వినారు గాని, యతి తప్పిన చోటు వెదకడం అలవాటైన వానికి ఇదీ అట్టి పనియే.

ఫైలు ఎంత పెద్దదైనా ఒకే ముద్దగా ప్రయాణం చేయదు. టి.సి.పి. అనే నియమావళి దానిని ప్యాకెట్లుగా విభజించి పంపుతుంది. ఒక మార్గంలో పట్టే గరిష్ఠ ప్యాకెట్టు పరిమాణాన్ని ఎం.టి.యు. అంటారు. ఈథర్‌నెట్‌లో ఇది సాధారణంగా 1500 బైట్లు. ఐ.పి. శీర్షికకు 20, టి.సి.పి. శీర్షికకు 20 పోగా సరుకుకు మిగిలేది 1460. సంబంధం ఏర్పరచుకొనే తొలి పలకరింపులు, పేరు, సంకేతపదం ఇవన్నీ చిన్న ప్యాకెట్లే. పెద్ద ఫైలు బయలుదేరినప్పుడే నిండు ప్యాకెట్లు దారిన పడతాయి. కావున విచారించవలసినది ఫైలు పరిమాణం కాదు, ప్యాకెట్టు పరిమాణం.

మన కళాశాల కనెక్షన్ పి.పి.పి.ఓ.ఇ. పద్ధతిది. ఆ పద్ధతి తన కొరకు 8 బైట్లు తీసుకొంటుంది గనుక ఎం.టి.యు. 1492కు తగ్గుతుంది. పంపే యంత్రానికి ఈ సంగతి తెలియదు. అది 1500 బైట్ల ప్యాకెట్టుపై 'విడదీయరాదు' అన్న గుర్తు వేసి పంపుతుంది. రౌటరు దానిని పారవేసి, 1492కు తగ్గించుమని ఐ.సి.ఎం.పి. సందేశం (మూడవ రకం, నాలుగవ సంకేతం) వెనుకకు పంపవలెను. 1990లో జెఫ్రీ మోగుల్, స్టీవ్ డీరింగ్ రచించిన ఆర్.ఎఫ్.సి. 1191 పద్ధతి ఇదే.

ఆ సందేశం అందకపోతే పంపిన యంత్రం ప్యాకెట్టు ఊరకే పోయినదనుకొని దానినే మళ్లీ పంపుతుంది. ప్రతిసారీ నిరీక్షణ రెట్టింపవుతుంది. లినక్స్ యంత్రమైతే పావుగంట దాటిన పిమ్మట గాని ఓటమి ఒప్పుకొనదు. తెరపై కనబడిన కొద్ది శాతం కూడా సర్వరుకు చేరినది కాదు, స్వంత యంత్రపు తాత్కాలిక నిల్వలో పడినది మాత్రమే. 2000లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2923 ఈ స్థితిని కృష్ణబిలమని పేర్కొన్నది.

పరీక్ష సులభం. విండోస్‌లో పింగ్ ఆజ్ఞకు ఎఫ్ అక్షరపు గుర్తు చేరిస్తే ప్యాకెట్టు విడదీయబడదు. ఎల్ గుర్తుతో పరిమాణం చెప్పవచ్చు. 1472 అని ఇస్తే, శీర్షికల 28 కలిసి 1500 అవుతుంది. మాకు 1464కు జవాబు వచ్చినది, 1465కు రాలేదు. సక్రమమైన రౌటరు 'విడదీయవలసి ఉన్నది' అని చెప్పి ఉండేది. మా రౌటరు పలుకలేదు. కేబులు చెడితే, రద్దీ పెరిగితే చిన్న ప్యాకెట్లకూ నష్టం తప్పదు, ఫైలు ఆగి ఆగి కదులుతుంది. ఇట్లు ఒక్క బైటు తేడాతో తెగిపోదు.

నెట్‌వర్కు అమర్చిన వారు భద్రత పేరిట రౌటరులో ఐ.సి.ఎం.పి. దోషసందేశాలన్నిటినీ నిలిపివేసినారు. దొంగ భయంతో తపాలా బంట్రోతును కూడా వాకిట ఆపివేసినట్లున్నది! ఐ.పి.వి.6లో రౌటర్లు ప్యాకెట్లను విడదీయనే విడదీయవు గనుక అక్కడ ఇట్టి నిషేధం మరింత హానికరం. సందేశంపై ఆధారపడక, టి.సి.పి. తానే పరిమాణాన్ని పరీక్షించుకొనే మార్గం 2007లో ఆర్.ఎఫ్.సి. 4821 చూపినది గాని, లినక్స్‌లో ఆ సౌకర్యం మామూలుగా నిలిపియే ఉంటుంది.

గడువు దగ్గరపడినందున మొదట ఆ ఒక్క కంప్యూటరు ఎం.టి.యు.ను 1492కు తగ్గించినాము. ధ్రువపత్రాలన్నీ ఆ సాయంత్రమే చేరినవి. మరుసటి వారం రౌటరులో ఆ సందేశానికి అనుమతి ఇప్పించి, మిగిలిన యంత్రాల కొరకు టి.సి.పి. సరుకు పరిమితిని 1452గా నిర్ణయింపజేసినాము. కొత్త కంప్యూటరు నివేదికను కమిటీ వారు వాపసు చేసినారు. ఈ సంచిక ఉర్దూ, తెలుగు పుటలు ఆ పాత యంత్రం నుండియే ప్రెస్సుకు వెళ్లినవి.