అరవైమందిలో ఒకరై

బీథోవెన్ అయిదో సింఫనీలో మొదటి మూడు భాగాల్లో ట్రాంబోన్ వాళ్లకు పనే లేదు. చుట్టూ అందరూ చెమటలు కక్కుతూ వాయిస్తుంటే వాళ్లు వాద్యం ఒళ్లో పెట్టుకుని ఇరవై నిమిషాలకు పైగా ఊరికే కూర్చుంటారు. నాలుగో భాగం మొదలవుతూనే ఎత్తి ఊదాలి. ఆ ఊపిరి తడబడిందా, అప్పటిదాకా మిగిలినవాళ్లు పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ద్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ మరీ విచిత్రం. అందులో పెద్ద తాళాలు పట్టుకున్నవాడికి మొత్తం మీద దక్కేది ఒక్క దెబ్బ.

ఈ పని మనలో ఎందరికి చేతనవును? వ్యక్తిత్వ వికాస తరగతులు నేర్పేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు బెంచీలో కూర్చో, ముందు చెయ్యెత్తు, లీడర్‌వి అవ్వు. చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో బొగ్గు గనులనో పేపర్ మిల్లునో థర్మల్ స్టేషన్‌నో నమ్ముకుని బతికే తెలుగు ఇళ్లల్లోనూ ఇదే పాట. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లిషు నెట్టుకొచ్చే పిల్లవాడు యాన్యువల్ డే నాడు బృందగానంలో మూడో వరుసలో నిలబడితే, ఫొటోలో ముఖం పడలేదని అమ్మానాన్నలకు బెంగ. అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరని పెద్దలు ఎప్పుడో అడిగారు. నేనింకో మాట కలుపుతాను. మోయడం రానివాడిని అందలమెక్కించినా ఎక్కువసేపు కూర్చోలేడు.

మోసే విద్య నేర్పే బడి ఒకటి చంద్రపూర్‌కు మరీ అందనంత దూరంలో లేదు. బల్లార్షా మీదుగా పోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నైలో దింపుతుంది. 2008లో ఏఆర్ రహమాన్ అక్కడ కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టారు. దానితోపాటే పెరిగింది సన్‌షైన్ ఆర్కెస్ట్రా. పేదింటి పిల్లలకు డబ్బు తీసుకోకుండా వాద్యాలు నేర్పి సింఫనీ వాయించేలా తయారుచేస్తారు. రహమాన్ కూడా వెనక వరుసలోంచి వచ్చినవారే. తొమ్మిదేళ్లకే తండ్రి పోతే, కుర్రతనంలోనే కీబోర్డు వాయిస్తూ ఇంటిని నిలబెట్టారు. మన రమేశ్ నాయుడు దగ్గరా, రాజ్-కోటి దగ్గరా వాయించినవారిలో ఆయనా ఒకరు. ఇంకొకరి బాణీని ఇంకొకరు చెప్పినట్టు వాయించిన ఆ ఏళ్లన్నీ దాటాకే, 1992లో, ‘రోజా’.

విద్యార్థి ఆర్కెస్ట్రా రిహార్సల్‌లో మొదట వినపడేది పాట కాదు. ఓబో అనే ఊదే వాద్యం ఒక్క స్వరం పట్టి నిలుపుతుంది. సెకనుకు 440 కంపనాలు. మిగతా అందరూ దానికే శ్రుతి చేసుకోవాలి. నా వయొలిన్ ఖరీదైనది, నా శ్రుతే సరైనది అంటే చెల్లదు. వయొలిన్ వాళ్లకు ఇద్దరికో స్టాండు. లోపలివైపు కూర్చున్నవాడు పేజీ తిప్పాలి. తిప్పుతున్నంతసేపూ అతని వాయింపు ఆగుతుంది, పక్కవాడిది సాగుతుంది. ఆ పని ఎవరిదన్నది కుర్చీని బట్టే. ఎవరెంత మొనగాడన్నది అక్కడ లెక్కలోకి రాదు. కమాను పైకా కిందికా అన్నది ముందు కూర్చున్న విభాగం లీడర్ తేలుస్తాడు, వెనకున్నవాళ్ల కమానులన్నీ ఒకేవైపు కదలాలి. ఇక స్టాండు మీద పెన్సిల్ లేకపోతే చీవాట్లు ఖాయం. ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ చెప్పింది అప్పటికప్పుడు కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. ‘గుర్తుంటుంది లెండి సార్’ అంటే కుదరదు. పెన్ను కూడా పనికిరాదు, రేపు ఆయన మాట మార్చొచ్చు!

వీటన్నిటికన్నా కష్టం, వాయించనప్పుడు లెక్కపెట్టడం. ‘ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు’ అంటూ మనసులో సాగాలి. ప్రతి వరుసలో మొదటి అంకె ఎన్ని ఆవర్తాలు గడిచాయో చెబుతుంది. ముప్పై రెండో వరుసకు మీ వంతు. మధ్యలో ఫోన్ గుర్తొచ్చిందా, లెక్క పోయింది. అప్పుడు పక్కవాడి ముఖం చూస్తారు. అతను అప్పటికే మీ ముఖం చూస్తుంటాడు.

మన ఆఫీసు మీటింగుల్లో లేనిది సరిగ్గా ఈ లెక్కే. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మనం వినం, మన జవాబు వండుకుంటాం. రేపటి మీటింగులో ఒక చిన్న పని చేసి చూడండి. మీకన్నా ముందు మాట్లాడినవాడి మాట సారాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి, ఆ తర్వాతే నోరు తెరవండి. చెప్పాలనుకున్నది చాలాసార్లు మారిపోతుంది, కొన్నిసార్లు చెప్పక్కర్లేకుండానే పోతుంది.

ఎదుటివాణ్ని వినే ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పి, 1936లో దానికే ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు సోలో కచేరీలతో పేరు మోగించారు. కానీ అంతకుముందు పక్కవాద్యంగా ఎందరి గాత్రాలనో అనుసరించిన చేతులవి. గాయకుడు ఎటు తిరుగుతాడో చెవితో పట్టుకుని వెంట నడవడం ఎలాగో ఆ చేతులకు తెలుసు.

కండక్టర్ జుబిన్ మెహతా సంగతి ఇంకా బాగుంటుంది. 1936లో బొంబాయిలో పుట్టారు. తండ్రి మెహ్లీ మెహతా బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. జుబిన్ డాక్టరు చదువు మధ్యలో వదిలేసి, 1954లో కండక్టర్ అవుదామని వియన్నా సంగీత అకాడమీలో చేరారు. అక్కడి విద్యార్థి ఆర్కెస్ట్రాలో ఆయన వాయించింది డబుల్ బాస్. మెరుపులన్నీ వయొలిన్లవి, బరువంతా బాస్‌ది. తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడోతో కలిసి బృందగానంలోనూ చేరారు, పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌ను దగ్గర్నుంచి చూడొచ్చని. 1956లో హంగరీ తిరుగుబాటుతో శరణార్థులు ఆస్ట్రియాలోకి వచ్చిపడ్డారు. మెహతా ఏడు రోజుల్లో విద్యార్థులతో ఆర్కెస్ట్రా కూర్చి, వియన్నా బయట శరణార్థి శిబిరంలో కచేరీ చేశారు. ఇరవై ఏళ్ల కుర్రాడు పిలిస్తే అంతమంది ఎందుకు వచ్చారు? తమ మధ్యే నిలబడి బాస్ వాయించినవాడు కాబట్టి, అని నా ఉద్దేశం. 1962లో లాస్ ఏంజెలెస్, 1978లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లు ఆయన చేతికి వచ్చాయి. తండ్రి మెహ్లీ 1964లో లాస్ ఏంజెలెస్‌లోనే అమెరికన్ యూత్ సింఫనీ పెట్టి, మూడు దశాబ్దాలకు పైగా కుర్రాళ్లచేత సింఫనీలు వాయింపజేశారు.

గుంపులో కలిస్తే నా ప్రత్యేకత ఏమవుతుందని మీరడగొచ్చు. ఆ అయిదో సింఫనీ మొదటి భాగంలోనే, హోరు మధ్య ఒక చోట ఆర్కెస్ట్రా అంతా హఠాత్తుగా ఆగిపోతుంది, ఓబో ఒక్కటే కాసేపు పాడుతుంది. ఆ చోటు ఓబో అడిగి తెచ్చుకున్నది కాదు. వచ్చేసరికి సిద్ధంగా ఉండటమే దాని వంతు.

గుంపుతో అసలు ప్రమాదం వేరే ఉంది. అరవైమందిలో నేనొక్కణ్ని వాయించకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనిపించడం. కష్టమైన చోట కమానును తీగకు ఆనీ ఆననట్టు గాల్లో ఆడించే ఘనులు విద్యార్థి ఆర్కెస్ట్రాల్లో ఉంటారు. వాళ్ల బంధువులను కాలేజీ గ్రూప్ ప్రాజెక్టుల్లో మీరు చూసే ఉంటారు. కండక్టర్ కనిపెట్టకపోవచ్చు, స్టాండు పంచుకున్నవాడికి మాత్రం మొదటిరోజే తెలిసిపోతుంది. రేపు ఉద్యోగానికి మీ పేరు చెప్పాలా వద్దా అన్నది తేల్చేది తరచుగా వాడే.

మా ఊళ్లో ఆర్కెస్ట్రా ఎక్కడుందంటారా? మహారాష్ట్రలో వినాయక చవితికి ముందే ఢోల్ తాషా బృందాల సాధన మొదలవుతుంది. బడి బ్యాండు, గుడి భజన, చర్చి కోరస్, ఏదైనా ఫర్వాలేదు. చేరండి. మొదటిరోజే తాషా ఇమ్మనకండి. ఢోల్ కట్టుకోమంటే కట్టుకోండి, జెండా పట్టమంటే పట్టండి, నీళ్లు అందించమంటే అందించండి. మీలో మార్పు వచ్చిందో లేదో పండగ అయ్యాక మీ పక్కన వాయించినవాణ్ని అడగండి. ఇంట్లోవాళ్లను అడక్కండి, వాళ్లు మిమ్మల్ని ఎలాగూ మెచ్చుకుంటారు.