బోటు తొట్టికి కరెంటు బ్రేకు

పోయినసారి గోడపత్రికలో పొడుపుకథలు రాశాను. ఈసారి విద్యుదయస్కాంతం పాఠం రాస్తున్నాను. కొంచెం పెద్దది, నిలబడి చదవాలి, ఏమీ అనుకోకండి.

భావనపాడు వెళ్ళినప్పుడు ఒడ్డున ట్రాక్టరు తొట్టి మీద ఫైబరు బోటు ఎక్కించి తీసుకుపోవడం చూశాం కదా. తుఫాను కబురొస్తే కూడా బోట్లు లోపలికి లాగాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది. మీరంతా బోటు చూస్తుంటే నేను తొట్టి చక్రాలు చూశాను. వాటికి బ్రేకు లేదు.

నా చూపు అటెందుకు పోయిందంటే, రెండేళ్ళ క్రితం మా మామ జీడిపిక్కల బస్తాలు వేసుకొని కొండ దిగుతున్నాడు. బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఆగింది గానీ తొట్టి ఆగలేదు. వెనకనుంచి తోసీసింది. ట్రాక్టరు అడ్డం తిరిగి పడిపోయింది. మామ కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతాడు.

సైన్సు సారుని అడిగాను. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో కొన్ని బోటు తొట్టెలకు కరెంటు బ్రేకులుంటాయని బొమ్మ గీసి చెప్పారు. తీగలో కరెంటు పోతే దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో ఆర్‌స్టెడ్ కనిపెట్టారు. ఈ బ్రేకు కూడా ఆ సంగతి మీదే నడుస్తుంది. చక్రం డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. డ్రైవరు బ్రేకు తొక్కితే దానికి కరెంటు వస్తుంది. అది తిరిగే డ్రమ్ముకు అతుక్కుంటుంది, డ్రమ్ము దాన్ని తనతో లాక్కుపోతుంది, అప్పుడొక మీట కదిలి బ్రేకు కట్టలు డ్రమ్మును లోపలనుంచి ఒత్తుతాయి. అంటే చక్రం తన బలంతోనే ఆగుతుంది! నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది.

ఇక తీగలు. ఒక్కో అయస్కాంతానికి రెండు తీగలుంటాయి, ఏది ఎటు కలిపినా ఫరవాలేదు. ఒకటి ట్రాక్టరు నుంచి వచ్చే బ్రేకు తీగకు, రెండోది ఎర్తు తీగకు. రెండు చక్రాలనూ సమాంతరంగా కలపాలి. శ్రేణిలో కలిపితే 12 వోల్టులు చెరి 6 అయిపోతాయి, ఒకటి తెగితే రెండూ పోతాయి. నేను రెండు మేకులకు రాగితీగ చుట్టి చూశాను. సమాంతరంగా కలిపితే ఒక్కో మేకు 11 గుండుసూదులు ఎత్తింది, శ్రేణిలో 4 మాత్రమే.

ఒక్కో అయస్కాంతం నిరోధం సుమారు 4 ఓంలు అనుకోండి. 12 వోల్టులకు 3 ఆంపియర్లు, రెండిటికీ కలిపి 6. ఇప్పుడు సన్నతీగ వేశామనుకోండి, దాని నిరోధం అర ఓము. 6ని అరతో హెచ్చించి 3 వోల్టులు పోతాయని రాశాను. సారు కొట్టేశారు. తీగ నిరోధం కలిస్తే కరెంటే తగ్గుతుందట. మొత్తం 2.5 ఓంలు, కరెంటు 4.8, తీగలో పోయేది 2.4 వోల్టులు. అయస్కాంతాలకు మిగిలేది 9.6. పట్టు తగ్గుతుంది. అందుకే లావు తీగ వేయాలి. ఎర్తుకు కూడా వేరే తీగ వేయాలి, తొట్టి తగిలించే కొక్కేన్ని నమ్మకూడదు, అది తుప్పు పడుతుంది. సరిగ్గా కలిపామో లేదో మీటరు పెట్టి చూడొచ్చు. ట్రాక్టరుకు తగిలించకముందు తొట్టి తీగల కొసల దగ్గర 2 ఓంలు రావాలి. 4 వస్తే ఒక చక్రం తీగ తెగినట్టే.

తొట్టి ఊడిపోతే? దాని మీదే చిన్న బ్యాటరీ, ఒక పిన్ను ఉంటాయి. పిన్నుకు కట్టిన తాడు ట్రాక్టరుకు ఉంటుంది. తొట్టి ఊడగానే పిన్ను లాగబడి బ్యాటరీ కరెంటు బ్రేకుకు పోతుంది. మామ తొట్టికి మాత్రం గొలుసు కూడా లేదు.

కానీ బోటు తొట్టి సముద్రపు నీళ్ళలో దిగుతుంది. ఉత్తినే మెలేసిన రాగితీగను నేను రోజూ ఉప్పునీళ్ళతో తడిపాను. వారానికి పచ్చబడింది, మూడో వారం మేకు ఒక్క సూదీ ఎత్తలేదు. అతుకులు టంకం పెట్టి నీళ్ళు చొరకుండా మూయాలి, నీళ్ళలోంచి తీశాక మంచినీళ్ళతో కడగాలి. ఈ బాధ పడలేక చాలామంది బోటు తొట్టెలకు నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులే పెడతారట.

సెలవులకు వెళ్ళి ఇదంతా చెప్తే మామ అడిగాడు: "మన తొట్టికి ఎయ్యగలమేటే అమ్మీ?"

"తీగలొక్కటే చాలవు మామా, డ్రమ్ములున్న ఇరుసు కావాలి" అన్నాను. మామ లేచి తొట్టి కిందకు వంగి ఇరుసు చూశాడు. ఇప్పుడు కొండ దిగేముందే చిన్న గేరులో వేస్తున్నాడు, సగం బస్తాలే ఎక్కిస్తున్నాడు.

— 9వ తరగతి