మంచుబండి: త్రోవకా, కొండకా?

ప్రశ్న: మిన్నెసోటాలో ఉద్యోగము చేయుచున్నాను. క్రొత్త స్నోమొబైల్ కొనదలచితిని. ఇచ్చటి త్రోవలకును, ఏడాదికొకమారు పోవు పశ్చిమ పర్వతములకును ఒక్క బండియే చాలునా?

జవాబు: చాలునని అమ్మువారందురు; రెంటికిని సమముగా చాలదని నేనందును. ఈ వాహనముయొక్క స్వభావమంతయు దాని క్రింద తిరుగు రబ్బరు పట్టాలో నున్నది. చదును చేయబడి గట్టిపడిన త్రోవపై వడిగా మలుపు తిరుగవలెనన్న సుమారు 129 మొదలు 137 అంగుళముల పట్టాయు, అంగుళము మొదలు అంగుళమున్నర యెత్తుగల పండ్లును, ఎడముగా నమర్చిన స్కీలును కావలయును. నడుములోతు మెత్తని మంచులో దిగబడక తేలవలెనన్న 154 అంగుళములకు తక్కువకాని పట్టాయు, రెండున్నర మూడంగుళముల పండ్లును, బండిని ప్రక్కకు వాల్చుటకు వీలుగా దగ్గరపడిన స్కీలును వలయును. ఆ పర్వతవాహనమును గట్టి త్రోవపై దూరము నడిపినచో, పట్టా ఎగజిమ్మవలసిన మంచుపొడి చాలక ఇంజను వేడెక్కును, పట్టా జారు ప్లాస్టిక్ బద్దలు అరిగి కరగును. మంచును గీకి పైకి చిమ్ము స్క్రాచర్లు అందుకే.

త్రోవలపైనే అధికముగా తిరుగు మీకు 144, 146 అంగుళముల మధ్యరకము మేలు. టూ-స్ట్రోక్ ఇంజను తేలిక, కొండలకు తగినది. ఫోర్-స్ట్రోక్ సద్దు తక్కువ, ఇంధనము పొదుపు, కాని బరువు. హార్స్‌పవర్ అంకెలకు మురియుట క్రొత్తవారికి సహజమే! కొండలకు పోవునపుడు మంచుచరియలలో కూరుకొన్నవారిని వెదకు ట్రాన్సీవరు, పార, పొడవాటి శోధనదండము ప్రతివానియొద్దను ఉండితీరవలెను. వాటికి ముందుగా సొమ్ము తీసియుంచి, మిగిలినదానితో బండి కొనుడు.