కోతుల కడుపులో నట్టలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బడి మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కనే కోతులు రోజూ మలవిసర్జన చేస్తున్నాయి. పిల్లలకు పురుగులు సోకుతాయా? (ఉపాధ్యాయురాలు, జనగామ జిల్లా)

జవాబు: సోకే అవకాశం ఉంది గానీ, మలం అక్కడ ఎన్నాళ్లు పడి ఉన్నదన్నదే ముఖ్యం. కోతుల పేగుల్లో తరచుగా కనిపించే కొరడా పురుగు, అంటే ఒక కొన దారంలా సన్నగా, మరో కొన లావుగా ఉండే ట్రైక్యూరిస్, మలంతో విడిచే గుడ్డు వెంటనే ఎవరికీ హాని చేయదు. తేమగల వెచ్చని మట్టిలో రెండు మూడు వారాలు ఉండి, లోపల పిల్లపురుగు ఎదిగిన తరువాతే అది నోటి ద్వారా చేరి వ్యాధి కలిగిస్తుంది. అందువల్ల మిద్దెను ప్రతిరోజూ శుభ్రం చేయించి, చేతులకు తొడుగులు వేసుకుని ఎత్తిన మలాన్ని లోతుగా పూడ్పించడం పెద్ద రక్షణ. స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నని పురుగు పిల్లలు మాత్రం కొద్ది రోజుల్లోనే మట్టిలో సిద్ధమై వట్టి పాదాల చర్మం గుండా లోపలికి పోతాయి కనుక చెప్పులు తప్పనిసరి. జియార్డియా వంటి ఏకకణ జీవుల సిస్టులు, అనగా గట్టి పొరలో ముడుచుకున్న దశలు, మలంతో బయటపడిన క్షణం నుంచే సోకగలవు. మామూలు మోతాదు బ్లీచింగ్ పౌడరుతో అవి చస్తాయన్న భరోసా లేదు కాబట్టి ట్యాంకుకు బిగువైన మూత, తాగే నీటిని మరిగించడం రెండూ కావాలి. నులిపురుగుల నివారణ దినాన బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మోతాదు కొరడా పురుగు మీద బలహీనంగానే పనిచేస్తుంది కనుక, మాత్ర మింగించాం గదా అని మిద్దెను వదిలేయరాదు.

ప్రశ్న: నట్టలున్న కోతిని చూసి గుర్తుపట్టవచ్చా? (విద్యార్థి, భూపాలపల్లి)

జవాబు: గుర్తుపట్టలేరు; నట్టలు మోస్తూనే ఆరోగ్యంగా కనిపించే కోతులు చాలా ఉంటాయి, మలాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుంది.

ప్రశ్న: మొక్కజొన్న చేలను పాడుచేసే కోతులను పట్టించి దూరపు అడవిలో వదిలితే పీడ పోతుంది కదా? వాటి కడుపులో ఏముంటే ఎవరికి నష్టం? (రైతు, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచీ పదేపదే వచ్చే ప్రశ్న ఇది. పంట పోయిన రైతు కడుపుమంట న్యాయమైనదే, కానీ అడిగిన పరిష్కారం మాత్రం తప్పు. వేర్వేరు గుంపుల కోతులను ఒకే బోనులో కుక్కినప్పుడు అవి ఒకదాని మలంలో మరొకటి మసలుతాయి, భయంతో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది, దానితో ఒక గుంపు నట్టలు మరో గుంపుకు చేరే వీలు కలుగుతుంది. ఆ బోనును కొత్తగూడ, గంగారం అడవుల్లోనో పాకాల వైపో తెరిస్తే, ఊరి చెత్తకుప్పల వద్ద సంపాదించిన పరాన్నజీవులు, అంటే ఇతర జీవి శరీరం మీద ఆధారపడి బతికేవి, అప్పటివరకు వాటిని ఎరుగని అడవి కోతులకూ కొండముచ్చులకూ అంటుకునే ప్రమాదం ఉంది. ఇది ఊహాగానం కాదు. దక్షిణ భారతంలోని బొనెట్ కోతుల పేగు పరాన్నజీవులపై 2018లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చిన అధ్యయనం, అదుపులేని తరలింపుల పర్యవసానాలనూ చర్చించింది. నెత్తిన టోపీలా వెంట్రుకలు, పొడవైన తోక ఉండే ఈ బొనెట్ కోతి దక్షిణానిది, పొట్టి తోక రీసస్ కోతి ఉత్తరానిది. చిరకాలం గోదావరిని వాటి మధ్య హద్దుగా చెప్పేవారు, ఆ నది ఒడ్డునే ఉన్న భూపాలపల్లి ప్రాంతంలో ఎక్కడివో తెలియని కోతులను దింపడం మరింత అవివేకం. పైగా ఊరి తిండికి అలవాటుపడిన కోతి అడవిలో నిలవదు. అది దగ్గరి గూడేనికో తండాకో దిగుతుంది, అప్పుడు ఒక రైతు పీడ అతనికన్నా పేదవాడి చేనులో పడుతుంది. నిర్మల్ సమీపంలోని గండిరామన్న వద్ద 2020లో ప్రారంభమైన కేంద్రం వంటి చోట్ల సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, పట్టిన చోటే వదలడం, ఊరి చెత్తను కప్పి ఉంచడం నెమ్మదైన దారి అయినా అసలైన దారి. గ్రామ పంచాయతీలు బోనుల మీద పెట్టే డబ్బును ఈ రెండింటి మీద పెట్టాలి.

ప్రశ్న: గుడి దగ్గరి కోతులకు అరటిపండులో నట్టల మందు పెట్టడం పుణ్యం కాదా? (భక్తుడు, కాళేశ్వరం)

జవాబు: ఆ కరుణ మంచిదే, ఆ పని మాత్రం మానాలి. గుంపులోని బలమైన మగకోతి పండ్లన్నీ లాక్కుని మోతాదుకు మించి మింగుతుంది, పిల్లలకు ఏమీ దక్కదు, గర్భంతో ఉన్న ఆడకోతి తింటే ఆల్బెండజోల్ కడుపులోని పిండానికి హాని చేయగలదు. ఇంత చేసినా, పండ్ల కోసం అన్నీ ఒకే చోట చేరి మలవిసర్జన చేసే ఆ నేల నుంచే నట్టలు మళ్లీ కడుపులోకి చేరతాయి. కోతులకు పండ్లు పంచడమే ఆపితే అవి చెదిరి తిరుగుతాయి, ఆ నేల మీద గుడ్లు పేరుకోవడం తగ్గుతుంది.