అమెరికా అంతర్యుద్ధం (1861–1865): అసలు కారణం వ్రాయడం ఎలా?



"అమెరికా అంతర్యుద్ధానికి కారణాలేవి?" అని అడిగితే చాలామంది పిల్లలు ఐదు పాయింట్లు వ్రాస్తారు: లింకన్ ఎన్నిక, రాష్ట్రాల హక్కులు, సుంకాల తగాదా, ఫోర్ట్ సమ్టర్ కోటపై కాల్పులు, బానిసత్వం. ఐదింటినీ ఒకే వరుసలో నిలబెడితే వేరు ఏదో, కొమ్మ ఏదో తెలియదు. ఖాతాలో ఒక పద్దు ఒప్పుకోవాలంటే వోచరు చూపించాలి. చరిత్రలోనూ అంతే. పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నా, తెలుగు చదవగలిగిన పెద్దలు ఈ పాఠాన్ని వారికి చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.

1. ముందుగా లెక్కలు

మానవులందరూ సమానులేనని 1776లో ప్రకటించుకున్న దేశం అది. అయితే 1787లో వ్రాసుకున్న రాజ్యాంగంలో, ప్రతినిధుల సభలో స్థానాలు పంచేందుకు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కకట్టారు. ఆ ఐదుగురికీ ఓటు లేదు. వారి తలల లెక్కన పెరిగిన స్థానాల లాభం మాత్రం యజమానుల రాష్ట్రాలకే దక్కింది.

1790లో బానిసల సంఖ్య సుమారు 7 లక్షలు. 1793లో ఎలీ విట్నీ ప్రత్తి నుంచి గింజలు తీసే యంత్రం తయారుచేశాడు. ప్రత్తి సాగు దక్షిణాదిన విపరీతంగా పెరిగింది. యంత్రం వస్తే చాకిరి తగ్గాలి కదా? గింజ తీసే పని తగ్గింది కాని, ప్రత్తి ఏరే చేతుల అవసరం పెరిగింది. 1860 జనాభా లెక్కల నాటికి దేశ జనాభా 3.14 కోట్లు, అందులో బానిసలు 39.5 లక్షలు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. అప్పటికి దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా ప్రత్తిదే.

యజమానుల ఆస్తి జాబితాల్లో గుర్రాలు, నాగళ్ళతో పాటు మనుషుల పేర్లు, వారి ధరలు ఉండేవి. వారిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చేవారు. అప్పు తీరకపోతే వేలం. ఆ వేలంలో తల్లి ఒకరి పాలు, బిడ్డ ఇంకొకరి పాలు. జీవితమంతా ఖాతా పుస్తకాలతో గడిపిన నాకు ఇంతకంటే ఘోరమైన పద్దు తెలియదు.

2. తగాదా ముదిరిన క్రమం

పడమట కొత్తగా కలిసే భూముల్లో బానిసత్వం ఉండాలా, వద్దా అన్నదే తగాదా.

1820: మిస్సోరి ఒప్పందం. ఒక అక్షాంశ రేఖ గీసి, దానికి ఉత్తరాన (మిస్సోరి తప్ప) బానిసత్వం కూడదన్నారు.
1850: పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టాన్ని కఠినం చేశారు.
1854: కాన్సాస్–నెబ్రాస్కా చట్టం. పాత రేఖను చెరిపి, అక్కడివారినే తేల్చుకోమన్నారు. కాన్సాస్‌లో రక్తం చిందింది.
1857: డ్రెడ్ స్కాట్ కేసు. నల్లజాతివారు పౌరులు కాలేరని, కేంద్రపాలనలోని భూముల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది.
1860: బానిసత్వం కొత్త భూములకు పాకరాదన్న పార్టీ తరఫున లింకన్ గెలిచాడు. డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోయింది. మొత్తం 11 రాష్ట్రాలు వెళ్ళిపోయాయి.

3. మూడు వోచర్లు

మొదటిది: విడిపోవడానికి కారణాలు చెబుతూ ఆ రాష్ట్రాలే ప్రకటనలు వెలువరించాయి. తమ స్థితి పూర్తిగా బానిస వ్యవస్థతోనే ముడిపడి ఉందని మిసిసిపి దాపరికం లేకుండా చెప్పుకుంది.

రెండవది: 1861 మార్చిలో వారు వ్రాసుకున్న కొత్త రాజ్యాంగం. బానిసల మీద ఆస్తిహక్కుకు భంగం కలిగించే చట్టం చేయరాదని అందులో నిబంధన పెట్టారు.

మూడవది: 1850 నాటి చట్టం. రాష్ట్రాల హక్కులే ముఖ్యమైతే, పారిపోయి వచ్చినవారిని కాపాడాలనుకున్న ఉత్తరాది రాష్ట్రాల హక్కును దక్షిణాది గౌరవించాలి కదా? అలా జరగలేదు. అక్కడ కేంద్రం బలవంతంగా కల్పించుకోవాలని దక్షిణాదే పట్టుబట్టింది. ఇక సుంకాలంటారా, వాటిని 1857లో తగ్గించారు కూడా.

కాబట్టి బానిసత్వం మూలకారణం. లింకన్ ఎన్నిక, 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్‌పై కాల్పులు తక్షణ కారణాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దక్షిణాది ఎందుకు విడిపోయింది అన్నది ఒక ప్రశ్న. ఉత్తరాది ఎందుకు యుద్ధానికి దిగింది అన్నది వేరొక ప్రశ్న. లింకన్ మొదట దిగింది దేశాన్ని ఒక్కటిగా నిలపడానికే. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది; యూనియన్‌లోనే ఉండిపోయిన నాలుగు బానిస రాష్ట్రాలకు వర్తించలేదు. అయినా ఆ ప్రకటనతో యుద్ధం స్వభావమే మారిపోయింది. సుమారు 1.8 లక్షల మంది నల్లజాతివారు యూనియన్ సైన్యంలో చేరి పోరాడారు. 1865 ఏప్రిల్ 9న జనరల్ లీ లొంగిపోయాడు. 14న లింకన్‌పై కాల్పులు జరిగాయి. మరునాడు ఆయన మరణించాడు. అదే ఏడాది డిసెంబరులో 13వ సవరణ బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసింది. అప్పటికి రెండు పక్షాలా కలిపి 6 లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు.

4. తీరని బాకీ

1862లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడిపించినప్పుడు యజమానులకు మనిషికి 300 డాలర్ల వరకు పరిహారం ఇచ్చారు. తరతరాలు చాకిరి చేసినవారికి ఆ కష్టానికి కూలి ముట్టలేదు. 1865లో వారి పొదుపు కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. పూచీ చూడకుండా ఇచ్చిన అప్పుల వల్ల, లోపభూయిష్టమైన నిర్వహణ వల్ల, 1873 నాటి ఆర్థిక సంక్షోభం వల్ల 1874లో అది మూతపడింది. 60 వేలకు పైగా ఖాతాదారుల సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, చిక్కుకుపోయింది. చాలామందికి కొంత భాగమే తిరిగి దక్కింది. 1870లో 15వ సవరణ ఇచ్చిన ఓటు హక్కును కూడా దక్షిణాది రాష్ట్రాలు రకరకాల షరతులతో లాగేసుకున్నాయి. దానికి గట్టి రక్షణ 1965 నాటి చట్టంతో గాని రాలేదు.

ఎవరూ తిరిగి లాక్కోలేనిది చదువు ఒక్కటే. అందుకే దక్షిణాదిన పలు రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడం నేరంగా ఉండేది. ఫ్రెడరిక్ డగ్లస్ అనే బానిస బాలుడికి యజమానురాలు అక్షరాలు నేర్పబోతే భర్త మాన్పించాడు. ఆ బాలుడు వీధిలోని తెల్లపిల్లలకు రొట్టె ఇచ్చి పాఠాలు చెప్పించుకున్నాడు. 1838లో పారిపోయి, తరువాత గొప్ప వక్త, పత్రికా సంపాదకుడు అయ్యాడు. విముక్తి పొందినవారు మొదట కోరుకున్నవాటిలో బడి ఒకటి. ఫిస్క్ (1866), హోవర్డ్ (1867) విద్యాలయాలు ఆ రోజుల్లో వెలిసినవే; నేటికీ నడుస్తున్నాయి.

మహారాష్ట్రలోని మన పిల్లలకు తెలిసిన జ్యోతిరావు ఫూలే 1873లో తన 'గులామ్‌గిరి' గ్రంథాన్ని, బానిస విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశారు. బడులు తెరిచిన ఆ మహనీయునికి ఈ సంబంధం వేరెవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఇంటి వద్ద వ్రాయండి

1. మూలకారణం, తక్షణ కారణం: తేడా ఏమిటి? ఒక్కొక్క ఉదాహరణ వ్రాయండి.
2. ప్రత్తి యంత్రం బానిసత్వాన్ని తగ్గించకుండా ఎందుకు పెంచింది?
3. "రాష్ట్రాల హక్కులే కారణం" అనేవారికి 1850 చట్టం ఆధారంగా జవాబివ్వండి.